మెషిన్ తర్వాత కొందువు, ముందు పది క్యాండిల్స్ అమ్మి చూడు

ఈ నెల వచ్చిన ఉత్తరాలల్ల సగం కంటే ఎక్కువ క్యాండిల్స్ గురించే ఉన్నయ్, వరంగల్, హన్మకొండ, జనగామ, కరీంనగర్, ములుగు అన్ని దిక్కుల నుంచి. అందుకే ఈసారి కుట్టు పని, పచ్చళ్ళ ప్రశ్నలు పక్కకు పెట్టి మొత్తం దీనికే ఇస్తున్న. మొదటి ఉత్తరానికి జవాబు పెద్దగ ఉంటది, ఎందుకంటే దాంట్ల పైసల సంగతి ఉంది, ఆగమైతే ఒక ఇల్లు ఆగమైతది.

ప్రశ్న: అక్కా నమస్తే. మాది హన్మకొండ, నయీంనగర్ దిక్కు ఉంటం. ఇద్దరు పిల్లలు, మా ఆయనది ప్రైవేట్ జాబ్. పిల్లలు స్కూలుకు పోయినంక 10 నుంచి 3 దాక ఖాళీగనే ఉంట, వీడియోలు చూసి చూసి క్యాండిల్స్ చెయ్యాలని మస్తు ఇష్టం పుట్టింది. మొన్న హైదరాబాద్ నుంచి ఒక కంపెనీ వాళ్ళు ఫోన్ చేసిన్రు, మెషిన్ 1,40,000 అట, మైనం వాళ్ళే పంపిస్తరట, చేసిన మాల్ కూడ వాళ్ళే కొంటరట, నెలకు 25,000 గ్యారంటీ అంటున్రు. నా బంగారం బ్యాంకుల పెట్టి తీసుకుందామనుకుంటున్న. మా అత్తమ్మ ఏమో చిన్నపిల్లలున్న ఇంట్ల మంట పని వద్దంటుంది. నీ సొంత చెల్లె లెక్క అనుకొని చెప్పక్కా, ఏం చెయ్యాలె?
— ఒక చెల్లె, హన్మకొండ

జవాబు: చెల్లే, ముందుగాల ఒక్కటే మాట, బంగారం బ్యాంకుల పెట్టకు. ఇంకా పెట్టలేదు గద, మంచిగైంది.

నేను చెప్పేది ఎవరో చెప్తే విన్న ముచ్చట కాదు, నా మీద పడ్డదే. 2013ల నేను కూడ గిట్లనే మెషిన్ తీసుకున్న, అప్పుడు 85,000. మొదటి లాట్ 60 కిలోలు తీస్కపోయిన్రు, చెక్కు పాసైంది, ఇంటిల్లిపాదీ సంబరపడ్డం, ఆ సంబరంల నేను మా ఆడబిడ్డకు కూడ చెప్పి ఇంకో మెషిన్ కొనిపిచ్చిన, నా పైసలు పోయినదానికంటే అదే నాకు ఇప్పటికీ మనసుల ముల్లు లెక్క ఉంటది. రెండో లాట్ల సగం వాపస్ పంపిన్రు, వత్తి నడుమల లేదు, కలర్ సరిగ్గ లేదు అని. మూడో లాట్ ఆటోల ఏస్కొని పోయేసరికి ఆఫీసుకు తాళం ఉంది. ఆ కంపెనీ పేరు రాయను, ఆ పేరే ఇప్పుడు లేదు, కాని అదే మాట వేరే వేరే నోళ్ళల్ల ఇయ్యాల కూడ నడుస్తుంది, ఒకసారి వత్తుల మెషిన్ అంటరు, ఒకసారి పేపర్ ప్లేట్లంటరు, ఇప్పుడు క్యాండిల్స్.

ఒక్కసారి సోంచాయించు. మార్కెట్ల అంత గిరాకీ ఉండి, నీ దగ్గర కొని వాళ్ళకు లాభం వచ్చేదుంటే, అదే మెషిన్లు పది పెట్టుకొని వాళ్ళే పనోళ్ళతోని చేపిచ్చుకుంటరు గద? వాళ్ళకు లాభం క్యాండిల్‌ల లేదు, నీకు అమ్మే మెషిన్ల ఉంది. నమ్మకం కుదరకపోతే ఒక పని చెయ్యి, మళ్ళ ఫోన్ వస్తే గిట్లడుగు: "సార్, మెషిన్ మీదే ఉండనియ్యుండ్రి, నేను కూలికి చేసిస్త, మెషిన్ పైసలు నా కూలిల నెల నెలా పట్టుకోండ్రి." లేకపోతే "మీ మాల్ కొనే దుకాణాలు వరంగల్‌ల ఏమేమున్నయో చెప్పుండ్రి, పోయి చూసొస్త" అను. నిజంగ మాల్ కావాల్సినోళ్ళైతే ఫోన్ల ఉంటరు, మెషిన్ అమ్మేటోళ్ళైతే మాట మారుస్తరు.

ఇగ క్యాండిల్స్ చెయ్యొద్దా అంటే, చెయ్యి, నేను ఆ దెబ్బ తిన్నంకనే అసలు పని నేర్చుకున్న, ఇప్పటికీ చేస్తున్న. కాని ఎవరు కొంటరో తెలుసుకొని చెయ్యాలె. మన చిన్నప్పుడు కరెంటు పోతే ప్రతి ఇంట్ల మోంబత్తి ఉండేది, కిరాణం కొట్టుల కట్టలు కట్టలు అమ్ముడుపోయేటియి. ఇప్పుడు కరెంటు పోవుడే తక్కువ, పోయినా ఇన్వర్టర్, చార్జింగ్ బల్బు, ఏం లేకపోతే ఫోన్ల లైటు. అందుకే తెల్లటి మామూలు క్యాండిల్ మీద బతుకుడు కష్టం. ఉట్టి మాట కాదు, లెక్క చూడు. మైనం కిలో 150 అనుకుందాం, 20 గ్రాముల క్యాండిల్‌కు మైనమే 3 రూపాయలు, వత్తి, కవర్, గ్యాస్ కలిపి ఇంకో రూపాయి, అంటే 4. కొట్టాయన 5కు ఇస్తవా అంటడు. రోజంతా నిలబడి 200 చేస్తే మిగిలేది 200, అండ్ల విరిగినయి, వంకర పోయినయి తీసెయ్యి. పెద్ద ఫ్యాక్టరీలోళ్ళు లారీల మైనం తెచ్చుకొని చేస్తరు, వాళ్ళతోని ఆ రేటుకు మనం నిలబడలేం.

మరి ఎక్కడ నడుస్తది? నాకు మొదటి అసలు గిరాకీ చర్చి నుంచి వచ్చింది. మన కాజీపేట ఫాతిమానగర్ దిక్కు చూడు, క్రిస్మస్, ఈస్టర్ ముందటి రాత్రి, నవంబర్ 2న సమాధుల పండుగ, ఆ రోజు ఒక్కొక్క ఇంటోళ్ళు సమాధుల మీద డజన్లు డజన్లు వెలిగిస్తరు, గాలికి ఆరిపోకుంట కొంచెం లావుగ ఉండేటియి అడుగుతరు. చర్చి బయట చిన్న టేబుల్ వేసుకొని అమ్మేటోళ్ళతోని ముందే మాట్లాడుకో. రెండోది దీపావళి, మట్టి ప్రమిదల్ల మైనం పోసినయి, నీళ్ళల్ల తేలేటియి, ఉరుళి అనే వెడల్పు గిన్నెల పూలతోని పెట్టుకుంటరు గద, అవి. దీనికి ఆర్డర్లు బతుకమ్మ కంటే ముందే పట్టాలె, సద్దుల బతుకమ్మ అయినంక తిరిగితే అప్పటికే షాపులోళ్ళు మాల్ దింపుకొని ఉంటరు. మూడోది గిఫ్టులు, హౌస్ వార్మింగ్, పుట్టినరోజు రిటర్న్ గిఫ్ట్, ఫంక్షన్ హాల్ డెకరేషన్ చేసే పిల్లలు, వాళ్ళకు సెంటు క్యాండిల్స్ కావాలె.

ఇంకో మాట, కార్తీకమాసంల వెయ్యి స్తంభాల గుడి కాడ, భద్రకాళి గుడి కాడ అమ్ముదామని మైనం దీపాలు చెయ్యకు. మనోళ్ళు దేవుని ముందట నూనె, నెయ్యే పెడ్తరు, మైనం పెట్టరు. నేను ఒక ఏడు 300 చేసి తీస్కపోయి వాపస్ తెచ్చుకున్న. మస్తు మంది "ఇండ్ల కొవ్వు ఉంటదా" అని కూడ అడుగుతరు, అడిగితే కోపం చేసుకోకు, కొవ్వొత్తి అన్న పేరులనే కొవ్వు ఉంది గద, పాతకాలంల పశువుల కొవ్వుతోనే చేసేటోళ్ళు. ఇప్పటి మామూలు మైనాన్ని పారఫిన్ అంటరు, అది పెట్రోలియం నుంచి వస్తది, నుమాలిగఢ్, చెన్నై అసోంటి రిఫైనరీలల్ల తీస్తరు. గట్టిదనానికి కలిపే స్టియరిక్ యాసిడ్ మాత్రం నూనెల నుంచి తీసింది ఉంటది, కొవ్వు నుంచి తీసింది ఉంటది, కొనేటప్పుడే వెజిటబుల్‌ది కావాలని అడిగి తీసుకో, అప్పుడు ఎవరడిగినా నిజం చెప్పొచ్చు.

ఇప్పుడు పని మొదలుపెట్టే తీరు. పొద్దుగాల ట్రైన్ల సికింద్రాబాద్ పోయి బేగంబజార్ల దిగబడితే మైనం, వత్తిదారం, అచ్చులు, రంగు, సెంటు అన్ని ఆ గల్లీలల్లనే దొరుకుతయ్, పొద్దుమీకి ఇంట్ల పడొచ్చు. మొదటిసారి 5 కిలోల మైనం చాలు, ఫుల్ రిఫైన్డ్ పారఫిన్, 58-60 డిగ్రీలకు కరిగేది అని అడుగు, అరకిలో స్టియరిక్, రెండు రకాల మందం వత్తిదారం, నాలుగు అచ్చులు, ఒక గ్రాముల కాంటా, ఒక థర్మామీటర్. కాంటా, థర్మామీటర్ కాడ పీసినారితనం చెయ్యకు, అచ్చు తక్కువ కొన్నా సరే. నా లెక్కల ఇదంతా నీ మెషిన్ ధరల పదో వంతు కూడ కాదు.

మైనం ఎప్పుడూ నేరుగ మంట మీద పెట్టొద్దు. పెద్ద గిన్నెల నీళ్ళు పోసి, అండ్ల సత్తు జగ్గు పెట్టి, ఆ జగ్గుల మైనం కరగబెట్టాలె. ఎందుకంటే నీళ్ళు 100 డిగ్రీలు దాటయి, అట్ల మైనం కూడ 100 దాటది. పారఫిన్ 200 డిగ్రీల దగ్గరకు పోతే దాని ఆవిరికి మంట అంటుకుంటది, నేరుగ పొయ్యి మీద పెడితే అది ఎప్పుడు అక్కడికి పోయిందో కంటికి కనబడది, పొగ లేసేదాక తెలువది. నాది చేతనైనంత కాడికి ఇండక్షన్ స్టవ్ తీసుకోమని సలహా, మంటే ఉండది, మీ అత్తమ్మకు కూడ ధైర్యం. కింది గిన్నె మాత్రం ఇండక్షన్‌కు పనికొచ్చే స్టీల్‌ది ఉండాలె, ఇండక్షన్ మీద సత్తు గిన్నె వేడి కాదు. ఇంకోటి, వంట గ్యాస్ సిలిండర్ వ్యాపారానికి వాడుడు రూల్ ప్రకారం తప్పు, గ్యాసే కావాలంటే 19 కిలోల కమర్షియల్ సిలిండర్ తీసుకోవాలె.

మైనం కరిగినంక నూటికి పది వంతులు స్టియరిక్ కలుపు, క్యాండిల్ గట్టిగైతది, తెల్లగ కనబడతది, అచ్చుల నుంచి సులువుగ ఊడొస్తది. వత్తిదారం ఉట్టిదే వేస్తే సరిగ్గ అంటుకోదు, ముందు ఒకసారి కరిగిన మైనంల ముంచి, తీసి, రెండు చేతులతోని సాగదీసి నిటారుగ ఆరబెట్టాలె. అచ్చుకు నూనె చెయ్యి సన్నగ రాసి, వత్తి నడుమల కట్టి, మైనం 75-80 డిగ్రీలకు వచ్చినంక ఒక్క ధారగ పొయ్యి. ఆగి ఆగి పోస్తే పక్కలకు గీతలు గీతలు పడతయ్. పోసినంక చూడు, ఒక అర్ధగంటకు పైన పొర కట్టి వత్తి చుట్టూ సన్న గుంట పడతది, మైనం చల్లారుతుంటే కుంచించుకపోతది గద, అందుకు. చాలా మంది ఇక్కడనే పాడు చేసుకుంటరు. పైన మాత్రమే గుంట అనుకుంటరు కాని లోపల వత్తి పొడుగునా బొక్క ఉంటది, అక్కడికి వచ్చినంక మంట లోపలికి దిగి ఆరిపోతది. అందుకే ఆ పొరను పుల్లతోని వత్తి పక్కన రెండు మూడు కాడ పొడిచి, మిగిలిన మైనం మళ్ళ కొంచెం వేడి చేసి పైకెళ్ళి పొయ్యాలె. ఒక్క నీటి చుక్క పడనియ్యకు, నీళ్ళ గిన్నె నుంచి జగ్గు తీసినప్పుడు అడుగు బట్టతోని తుడువు, లేకపోతే జగ్గు అడుగునుంచి కారిన చుక్క అచ్చుల పడి, కొన్నోళ్ళ ఇంట్ల వెలిగిచ్చినప్పుడు చిటచిటమంటది.

వత్తి మందం కాడ తొందరపడకు. సన్నగైతే చుట్టూ మైనం కరగక నడుమల బావి లెక్క అయితది, లావైతే మంట పెద్దగై పొగ వస్తది, గోడ నల్లగైతది. ఒకటే సైజు అచ్చుల మూడు మందాల వత్తులతోని మూడు క్యాండిల్స్ చేసి, పక్కపక్కన పెట్టి వెలిగిచ్చి, గంటకు ఒకసారి నోటుబుక్కుల రాసుకో. నేను ఇప్పటికీ కొత్త మైనం సంచి తెచ్చినప్పుడల్లా గట్లనే చేస్త, ఒక సంచికి ఒక సంచికి తేడా వస్తది.

మీ అత్తమ్మ మాట మాత్రం కొట్టెయ్యకు, ఆమె భయం నిజమైన భయం. పిల్లలు ఇంట్ల ఉన్నప్పుడు మైనం కరగబెట్టకు, నీ 10 నుంచి 3 టైం దానికి మంచిగ సరిపోతది. కాటన్ బట్టలేసుకో, చున్నీ, కొంగు బిగించి కట్టుకో, జుట్టు ముడేసుకో. ఫోన్ ఇంకో రూముల పెట్టు. నేను ఒకసారి ఫోన్ మాట్లాడుకుంట బాల్కనీలకు పోయిన, కింది గిన్నెల నీళ్ళన్ని ఇగిరిపోయినయ్, వాపస్ వచ్చేసరికి వంటిల్లంత పొగ, ఇంకో రెండు నిమిషాలైతే ఏమైతుండెనో. మైనం అంటుకుంటే నీళ్ళు పొయ్యకు, పొరపాటున కూడ. నీళ్ళు మైనం కిందికి పోయి ఒక్కసారే ఆవిరై మండే మైనాన్ని పైకి ఎగజిమ్ముతయ్, మంట సీలింగ్ దాక లేస్తది. స్టవ్ బంద్ చెయ్యి, గిన్నె కదిలియ్యకు, మూత పెట్టు, లేకపోతే పొడి ఇసుక పొయ్యి. పక్కన ఒక ఇసుక బకెట్, గిన్నెకు సరిపోయే మూత మొదటి రోజు నుంచి ఉండాలె, పైసలుంటే మంటలు ఆర్పే చిన్న పౌడర్ సిలిండర్ కొనుక్కో. చెయ్యి మీద మైనం పడితే వెంటనే నల్లా కింద 20 నిమిషాలు పెట్టాలె, అంటుకున్న మైనం గుంజకు, చర్మం ఊడొస్తది, పేస్టు, పసుపు అసలే రాయొద్దు. బొబ్బ పెద్దగైతే దవాఖానకు పో. మిగిలిన మైనం సింకుల పొయ్యకు, పైపుల గడ్డ కడితే తియ్యరాదు.

ఇగ ఎండాకాలం. మే నెలల మన వరంగల్ల 44, 45 డిగ్రీలు కొడతది, రేకుల రూముల ఇంకా ఎక్కువ. పారఫిన్ క్యాండిల్ కరగదు కాని మెత్తపడి వంగుతది, నిలబెట్టి పెట్టినయి పొద్దుమీకి తలలు దించుకొని ఉంటయ్. పండవెట్టి, స్లాబ్ ఇల్లు కింది అంతస్తుల, పేపర్ చుట్టి అట్టపెట్టెల పెట్టు. గాజు సీసాలల్ల పోసే సోయా మైనం, అంటే సోయా నూనెతోని చేసింది, కరిగేదే 45-50 డిగ్రీలకు, ఎండల నిలబడ్డ పార్శిల్ బండిల అది నీళ్ళైతది. ఏప్రిల్ నుంచి జూన్ దాక సోయా పార్శిల్ పంపకు, నేను ఆ మూడు నెలలు అచ్చులు శుభ్రం చేసుకునుడు, టెస్టులు చేసుకునుడు, దీపావళి మాల్‌కు డిజైన్లు చూసుకునుడు పెట్టుకుంట.

రేటు వేసేటప్పుడు మీ ఇంట్లోళ్ళు "నీ కష్టం లెక్కేస్తవా" అంటరు, వెయ్యి. ఒక 200 మిల్లీ సీసాల 160 గ్రాముల మైనం పడతది. సోయా కిలో 400 అనుకుంటే 64, సెంటు 10 గ్రాములు 20, సీసా 45, వత్తి 4, లేబుల్, డబ్బా 25, పగిలినయి, చెడిపోయినయి 10, మొత్తం 168. దీన్ని 200కు అమ్మితే నువ్వు 32 రూపాయల కూలీవి. 350కి అమ్మే తీరు ఉంటదా లేదా అని ముందు చూడాలె, ఆ ధర పెట్టేటోళ్ళు ఎవరు, ఎక్కడున్నరు అని. అందుకే మొదటి నెల పది చేసి మీ ఆయన ఆఫీసోళ్ళకు, పిల్లల స్కూల్ తల్లులకు అమ్ము, ఉట్టిగ ఇయ్యకు, ఉట్టిగ ఇస్తే అందరు మంచిగుందనే అంటరు. పైసలు పెట్టి కొన్న మనిషి మళ్ళ అడిగితే అప్పుడు ఇంకో 20 చెయ్యి.

కాగితాలు ఎక్కువేం లేవు. ఉద్యం అని చిన్న వ్యాపారాలకు గవర్నమెంట్ రిజిస్ట్రేషన్ ఉంది, ఆధార్, పాన్‌తోని ఆన్‌లైన్ల ఫ్రీగ అయితది, ఎవరన్న 2,000, 3,000 అడిగితే ఇయ్యకు. జీఎస్టీ మన రాష్ట్రంల సరుకు మీద ఏడాది అమ్మకం 20 లక్షలు దాటేదాక అవసరం లేదు, కాని వేరే రాష్ట్రానికి అమ్మాలంటే రూల్ వేరే ఉంటది, ముందే అడిగి తెలుసుకో. ప్యాకెట్ మీద నీ పేరు, అడ్రస్, బరువు, ఎమ్మార్పీ, తయారైన నెల, ఏడు, కంప్లయింట్ కోసం ఫోన్ నంబర్ ఉండాలె. దానికింద నా సొంతంగ ఇంకో లైన్ రాస్త, "వెలిగించి పక్కకు పోకండి, కర్టెన్ దగ్గర పెట్టకండి" అని, నువ్వు కూడ రాయి.

ప్రశ్న: మేడమ్, నేను డిగ్రీ చదువుతున్న. హాస్టల్ ఫ్రెండ్స్ కోసం సోయా క్యాండిల్స్ చేస్తున్న కాని వెలిగిస్తే వాసనే వస్తలేదు, పైన తెల్లగ బూజు లెక్క కూడ వస్తుంది. సెంటు ఎక్కువ పోసినా అంతే. ఎందుకు?
— జనగామ నుంచి

జవాబు: బూజు కాదు బిడ్డా, భయపడకు. సోయా మైనం చల్లారేటప్పుడు పైన తెల్లటి పూత పడుడు దాని గుణమే, కలర్ వేస్తే ఇంకా కొట్టొచ్చినట్టు కనబడతది. రంగు లేకుంట చెయ్యి, ఎవరికీ కనబడది.

వాసన సంగతి, సెంటు ఎంత పోసినవన్నది కాదు, ఎట్ల పోసినవన్నది చూడాలె. చెంచాలతోని కొలుస్తున్నవని నాకు అనుమానం. 100 గ్రాముల మైనానికి 6 నుంచి 8 గ్రాముల సెంటు, కాంటా మీద పెట్టి పొయ్యి, అంతకు మించితే మైనం పట్టుకోలేక అడుగున, పైన నూనె చెమట లెక్క తేలుతది, వత్తిని కూడ ముంచుతది. మైనం 75-80 డిగ్రీల మీద ఉన్నప్పుడు పోసి రెండు నిమిషాలు నెమ్మదిగ కలుపు. క్యాండిల్‌కు అని అమ్మే ఫ్రాగ్రెన్స్ ఆయిలే వాడు, బట్టలకు కొట్టుకునే స్ప్రే సెంటు అసలే పొయ్యొద్దు, అండ్ల స్పిరిట్ ఉంటది, వేడి మైనం మీద అది ప్రమాదం.

చేసిన తెల్లారే వెలిగిస్తున్నవా? సోయాకు ఒక వారం, కుదిరితే రెండు వారాలు మూత పెట్టి పక్కకు ఉంచాలె, అప్పుడే సెంటు మైనంల కుదురుకుంటది. అయినా రాకపోతే వత్తి సన్నగున్నట్టు, మైనం సీసా అంచు దాక కరిగితేనే గదిల వాసన నిండుతది. ఇంకో మాట, హాస్టల్ రూముల దుప్పట్ల పక్కన వెలిగిచ్చి పడుకోకుండ్రి తల్లీ.

ప్రశ్న: అక్కా, మాది కరీంనగర్ దగ్గర పల్లె, బీసీలం. క్యాండిల్ యూనిట్‌కు గవర్నమెంట్ లోన్ తీసుకుందామనుకుంటున్న, 10 లక్షలు పెట్టి పెద్దగనే స్టార్ట్ చేస్త. ఏ స్కీం మంచిది?
— ఒక తమ్ముడు

జవాబు: తమ్మీ, ఇప్పటిదాక ఎన్ని క్యాండిల్స్ అమ్మినవో ఉత్తరంల రాయలేదు. అదే నా మొదటి ప్రశ్న, బ్యాంకు మేనేజర్ కూడ అదే అడుగుతడు.

పీఎంఈజీపీ అని సొంత యూనిట్ పెట్టుకునేటోళ్ళకు సబ్సిడీతోని లోన్ ఇచ్చే కేంద్రం స్కీం ఉంది, జిల్లా పరిశ్రమల కేంద్రం నుంచి నడుస్తది, తయారీ యూనిట్‌కు 50 లక్షల ప్రాజెక్ట్ దాక. నువ్వు బీసీ, ఊరు పల్లె కాబట్టి సబ్సిడీ 35 శాతం, టౌన్ల అయితే 25. సొంతంగ 5 శాతం పెట్టుకోవాలె. సబ్సిడీ అంటే చేతికిచ్చే పైసలు అనుకోకు, అది నీ పేరు మీద బ్యాంకుల మూడేళ్ళు పక్కకు ఉంటది, యూనిట్ నడిస్తేనే లోన్ల కలుస్తది. నడుమల మూసేస్తే అప్పు మొత్తం నీ నెత్తి మీదనే. కొత్త యూనిట్‌కే ఇస్తరు, ఇంట్ల ఒక్కరికే ఇస్తరు, 10 లక్షలు దాటితే 8వ తరగతి పాసై ఉండాలె.

నన్నడిగితే మొదలు ముద్ర అని చిన్న వ్యాపారాలకు బ్యాంకులిచ్చే లోన్ల, శిశు అనే చిన్న లోన్ చూడు, 50,000 దాక, తాకట్టు ఏం అడగరు. దాంతోని ఒక దీపావళి, ఒక క్రిస్మస్ దాటు, బిల్లులు జాగ్రత్తగ పెట్టుకో, తర్వాత ఆ బిల్లులే పెద్ద లోన్‌కు సాక్ష్యం. మీ అమ్మనో, మీ ఇంటామెనో మహిళా సంఘంల ఉంటే సంఘాలకిచ్చే బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి లోన్లు కూడ ఉన్నయ్, వడ్డీ కాడ అవి మనకు నయం. పల్లె పిల్లలకు ఆర్‌సెటీలల్ల, అంటే బ్యాంకులు నడిపే స్వయం ఉపాధి ట్రైనింగ్ సెంటర్లల్ల, ఫ్రీ ట్రైనింగ్, తిండి, ఉండుడు కూడ వాళ్ళదే, లెక్కలు రాసుడు, బ్యాంకుతోని మాట్లాడుడు మంచిగ నేర్పుతరు. ఆ ట్రైనింగ్ అయినంక లోన్‌కు పో.

ప్రశ్న: అమ్మా, మాది ములుగు జిల్లా. మా దిక్కు తేనె తీసేటోళ్ళు పట్టు పిండినంక మైనం పారేస్తరు, లేకపోతే అగ్గువకు ఇస్తరు. దాంతోని క్యాండిల్స్ అయితయా?
— ఏటూరునాగారం దిక్కు నుంచి ఒక పెద్దాయన

జవాబు: అన్నా, ఈ ఉత్తరం చదివి నాకు మస్తు సంతోషమైంది. మీరు పారేస్తున్నదే అన్నిటికంటే మంచి మైనం. తేనె మైనం 62 నుంచి 64 డిగ్రీలకు గాని కరగది, అంటే మన ఎండకు పారఫిన్ కంటే గట్టిగ నిలబడతది, మెల్లగ కాలుతది, సెంటు పొయ్యకుంటనే సన్నగ తేనె వాసన వస్తది.

శుభ్రం చేసుడే అసలు పని. పట్టు ముక్కలను గోరువెచ్చటి నీళ్ళల్ల రెండుసార్లు కడిగి తేనె పోగొట్టుండ్రి, తర్వాత స్టీల్ గిన్నెల నీళ్ళు పోసి అండ్ల వేసి సన్న సెగ మీద కరగబెట్టుండ్రి, మసల కాగనియ్యకుండ్రి. ఇనుప గిన్నె వాడితే మైనం నల్లగైతది. కరిగినంక పల్చటి బట్టల వడగట్టి రాత్రంతా కదిలియ్యకుంట ఉంచితే తెల్లారేసరికి పైన పసుపుపచ్చటి బిళ్ళ గట్టిపడి ఉంటది, కింద నీళ్ళు, మడ్డి. బిళ్ళ అడుగున అంటుకున్న మడ్డిని కత్తితోని గీకేసి ఇంకోసారి ఇట్లనే చెయ్యాలె. వత్తి పారఫిన్‌కు వేసేదానికంటే ఒక సైజు లావుది వెయ్యుండ్రి, ఈ మైనం చిక్కగ ఉంటది, సన్న వత్తి గుంజుకోలేదు.

పారఫిన్ కలిపి అమ్మకుండ్రి, బజార్ల అట్ల కలిపినయి మస్తున్నయ్, కొనేటోళ్ళు ఒక్కసారి మోసపోతే మళ్ళ రారు. మీ దగ్గర ఉన్నది స్వచ్ఛమైనది, ఆ మాటే లేబుల్ మీద రాయుండ్రి. క్యాండిల్స్ చేసే ఓపిక లేకపోతే శుభ్రం చేసిన బిళ్ళలే కిలోల లెక్క అమ్మొచ్చు, ఆదిలాబాద్ దిక్కు మైనం అచ్చుతోని ఇత్తడి డోక్రా బొమ్మలు పోత పోసే ఓజ కళాకారులకు తేనె మైనం కావాలె, సబ్బులు, పెదవుల క్రీములు చేసే ఆడపిల్లలు కూడ దీనికోసం వెతుకుతున్నరు. పట్టు తీసేటోళ్ళకు మాత్రం ఒక్క మాట చెప్పుండ్రి, మొత్తం పట్టు కోసెయ్యకుంట పిల్లలున్న భాగం వదిలి తేనె ఉన్న భాగమే కొయ్యమని, వచ్చే ఏడు కూడ అదే చెట్టుకు పట్టు ఉంటది. ఒక బిళ్ళ తయారైనంక చిన్న ముక్క కవర్ల పెట్టి పంపుండ్రి, ఎంత మడ్డి మిగిలిందో చూసి చెప్త.